రేకు కింద పెట్టె

“ఎవేలియో తాతా, మీ పెట్టె నాలుగు రోజులుగా పలకడం లేదు.” వానలో కొండెక్కి వచ్చిన ఇంజనీరు యమీలె రొప్పుతోంది.

కొండ కదిలితే పసిగట్టి కబురు పంపేందుకు కాఫీ తోటలో కొయ్యకు బిగించిన ఆ పెట్టెకు కాపలా ఎవేలియోనే.

“పలక్కపోతే మంచిదేగా అమ్మాయీ, కొండ కదల్లేదన్నమాట. తడిస్తే దానికి పడిశం పడుతుందని రేకు కూడా కప్పాను. మా గాడిదకైనా ఇంత మర్యాద చెయ్యలేదు.”

యమీలె నవ్వలేదు. “పైనున్న ఆరు పెట్టెలూ తమ కబురు దీనికే చెబుతాయి తాతా. ఇదే కిందికి అందించాలి. రేకు అడ్డముంటే దీనికేమీ వినపడదు.”

ఎవేలియో రేకు లాగేశాడు. ఆమె చేతిలోని యంత్రం వరసగా ఆరుసార్లు మోగింది.

“అన్నిటిదీ ఒకటే మాట. కొండ జారుతోంది.”

కింద వాగు వంపులో అతని కూతురు నూబియా ఇల్లుంది. అక్కడ ఫోను అందదు.

ఎవేలియో రాయి అందుకుని ఆ రేకునే బాదాడు. చప్పుడు వంపుదాకా పోదు. రెండిళ్ళకూ మధ్యలో కాపురముండే రోసల్బా విని తన గిన్నె మోగిస్తేనే నూబియాకు తెలుస్తుంది.

చెయ్యి ఆపి చెవి రిక్కించాడు. కింది నుంచి పలుకు లేదు.

పలక్కపోతే మంచిదేనని ఈసారి అనుకోలేకపోయాడు. మళ్ళీ బాదాడు.