నట్టు మీద చుక్క

“ఇది ఎగరడానికి వీల్లేదమ్మా” అంటూ తనిఖీ మాస్టారు ఆ బుల్లి విమానాన్ని బల్ల మీద పెట్టేశారు.

కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసే అమ్మాయి బెదరలేదు. “ఎందుకు వీల్లేదండీ?”

“నట్టు మీద ఈ ఎర్ర మరకేంటి?”

“గోళ్ల రంగండీ. ప్రొపెల్లర్ ఊడిపోకుండా ఒక చుక్క వేశాను.”

వరసలో ఉన్న పోటీదారులు కిసుక్కున నవ్వారు. మాస్టారు నవ్వలేదు. ప్రొపెల్లర్ల విషయంలో ఆయనకి వేళాకోళం పనికిరాదు. కత్తిలాంటి ఆ రెక్క తిరుగుతూ తిరుగుతూ ఊడిందంటే విమానం సంగతి సరే, పక్కనున్నవాళ్ల కళ్లు పోతాయి. అందుకే మోడల్ విమానాల క్లబ్బులో ఆయన చెయ్యి పడందే ఏ విమానమూ నేల వదలదు.

“గోళ్ల రంగు గోళ్లకే వేసుకోవాలి తల్లీ. నట్టు నిలిచేది బిగింపుతో. పదకొండేళ్లుగా ఎగరేస్తున్నాను, నా ప్రొపెల్లర్ ఒక్కసారి ఊడింది లేదు. అంతా ఈ చేతి మహిమ” అని స్పానర్ పట్టిన కుడిచెయ్యి చూపించారు.

“మా దుకాణంలో కళ్లజోళ్ల మరలు ఊరికే వదులవుతుంటాయండీ. ఒక చుక్క వేస్తే మళ్లీ కదలవు. అది గోళ్ల రంగని నట్టుకేం తెలుస్తుంది?”

ఈసారి నవ్వు మాస్టారి మీదికి మళ్లింది. ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది.

“సరే. నీదీ నాదీ ఇక్కడే తిప్పి చూద్దాం. నీది నిలిస్తే ఎగరెయ్యి. నాది ఊడితే ఇవాళ నేను పోటీలో లేను.”

చుట్టూ వల కట్టిన పరీక్ష బల్ల మీద రెండు విమానాలనూ కదలకుండా బిగించారు. అందరూ దూరం జరిగారు. ముందు అమ్మాయి తన మోటారును చెవులు దిబ్బెళ్లు పడేంత జోరుగా తిప్పి, ఒక్కసారిగా ఆపింది. అలా పదిసార్లు. అసలు గండమంతా ఆపినప్పుడే. మోటారు టక్కున ఆగుతుంది, ఊపు మీదున్న రెక్క ఆగదు, పోతూ పోతూ నట్టునీ తిప్పుకుపోతుంది. అమ్మాయి నట్టు వెంట్రుకవాసి కదల్లేదు.

“కొత్త నట్టు కదా” అని గొణుక్కుంటూ మాస్టారు తన మోటారు తిప్పారు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి ఆపగానే రెక్క కాస్తా ఊడి వలలో పడి గిలగిల్లాడింది. నట్టు ఎటు ఎగిరిందో ఎవరికీ కనబడలేదు.

ఎవరూ నవ్వలేదు. మాస్టారు తన కుడిచేతిని ఒకసారి చూసుకున్నారు. తర్వాత కలం తీసి, పోటీ జాబితాలో తన పేరు తనే కొట్టేసి, అమ్మాయి పేరు ఎదుట సంతకం పెట్టారు.

“మాటంటే మాటేనమ్మా. వెళ్లు, ఎగరెయ్యి.”

ఆ పూటంతా ఆయన గడ్డిలో చతికిలబడి, మెడ నొప్పెట్టేదాకా ఆకాశంలోకి చూస్తూ గడిపారు. తన విమానం మీద బెంగ లేకుండా ఇతరుల విమానాలు చూడటం ఇంత హాయిగా ఉంటుందని ఆయనకి ఇన్నాళ్లూ తెలియదు. అమ్మాయికి రెండో బహుమతి వచ్చింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయనే. వెళ్లేముందు ఆమె తన రంగు సీసా ఆయన చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చేసరికి భార్య అప్పుడే చెల్లెలి ఊరినుంచి దిగి, సంచీలోంచి బట్టలు తీస్తోంది. చెప్పులైనా విడవకుండా ఆయన జరిగిందంతా చెప్పేశారు.

“ఒక్క చుక్క చాలట, నట్టు చచ్చినా కదలదట. ఇవన్నీ లోపలి కిటుకులు, నీకు తెలియవులే” అంటూ సీసా చూపించారు.

ఆవిడ దాన్ని వెలుతురులోకి ఎత్తి చూసింది.

“ఎర్రది బాగోదండీ, కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నా కుట్టుమిషన్ మరలకి వేసే రంగులేనిది ఉందిగా, పదకొండేళ్లుగా ప్రతి శనివారం మీరు బిగించాక మీ నట్టుకి వేస్తున్నది అదే. ఈ వారమే ఊళ్లో లేకపోయాను.”