ఎంగిలి కాకులు

ప్రేమమణి మామగారు యెషయాకి దేవుడు నాలుకనిచ్చింది ప్రార్థన చేసుకోవడానికి కాదు, కాగితాలు మడవడానికి.

బస్సు టికెట్టో, సబ్బు చుట్టిన కాగితమో, దారిలో దొరికిన కరపత్రమో, చేతికి చిక్కితే చాలు. నాలుగు మూలలూ నడిమికి తెచ్చి, తిరగేసి, మళ్లీ నడిమికి. ప్రతి మడతకీ ముందు నాలుకతో ఒక తడి, ఆ తర్వాత గోటితో ఒక గీత. స్నేహితుడు బిక్షం వస్తే మరీ ఘోరం. ఒకరు నాకి మడిచింది ఇంకొకరు విప్పి, మళ్లీ నాకి మడిచేవారు.

"గిది కాకి కాదు యెషయా, కోడిపిల్ల లెక్కుంది."

"జెర ఆగు, తోక ఇంక మడవలే."

ఆ కాకుల్ని ప్రేమమణి పట్టకారుతో పట్టుకుని పొయ్యిలో పడేసేది.

నిజాం రాజ్యంలోకి యూనియన్ సైన్యం దిగిన వారం అది. సికింద్రాబాద్‌లో దుకాణాలు సగం తలుపులే తెరుస్తున్నాయి. రైల్వేలో పనిచేసే భర్త రిచర్డ్ నాలుగు రోజులుగా ఇంటికి రాలేదు. సరిగ్గా అప్పుడే ఆరేళ్ల దేవకృపకి చలిజ్వరం పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పినా మంచం కదిలేంత వణుకు. ప్రేమమణి రాంగోపాల్‌పేట్ అంతా తిరిగి ఒక మందుల దుకాణంలో పది పొట్లాల క్వినైన్ పొడి సంపాదించింది.

"చూశారా మామయ్యా, మడతంటే ఇదీ! తెల్లటి కాగితం. నాలుక తగల్లేదు, మూల చెదరలేదు."

"మడత మంచిగనే ఉంది," అన్నాడాయన.

చేదు తెలియకుండా తేనెలో కలిపిస్తే దేవకృప గుటుక్కున మింగేసింది. "నా తల్లే, ఎంత బుద్ధిమంతురాలో!" అని ప్రేమమణి మురిసిపోయింది. మూడు పొట్లాలు అయ్యాయి. వణుకు మాత్రం తన వేళకి తను వచ్చింది.

మూడో పొట్లం కాగితం పక్కన పెట్టిందో లేదో, ముసలాయన అందుకుని నాకాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

"ఛీ! బిడ్డ మందు కాగితం కూడానా?"

"మణీ, జెర నువ్వు సుత నాకి చూడు."

"నేనా? మీ ఎంగిలా?" కాగితం లాక్కుని, ఆయన మొహాన తలుపు వేసింది.

మర్నాడు స్నానం చేసి వచ్చేసరికి కిటికీలో ఏడు తెల్ల కాకులు వరసగా కూర్చుని ఉన్నాయి. పొడి మొత్తం మోరీ మురుగునీళ్లలో తేలుతోంది. మామగారు లేరు.

"తెల్ల కాగితం కోసం పసిదాని మందు పారబోస్తారా!" అని వీధికి వినిపించేలా అరిచింది.

బిక్షం పరుగున వచ్చాడు. "బొల్లారం దిక్కు పోయిండమ్మా. సోల్జర్లు తిరుగుతున్నరు, వద్దన్న. వినలే."

"పోనివ్వండి. అక్కడ కాగితాలు ఎక్కువ దొరుకుతాయి కాబోలు."

సాయంత్రానికి యెషయా తిరిగొచ్చాడు. కాళ్లకి చెప్పుల్లేవు, చొక్కా నిండా బురద. చేతిలో పాత ఉర్దూ పత్రిక ముక్కల్లో చుట్టిన పొట్లాలు, మూలలు నలిగి, చెమటకి తడిసి ఉన్నాయి.

"మిలిట్రీ డాక్టర్ని అడిగి తెచ్చిన. బిడ్డకు ఇయ్యి."

వాటిని ముట్టుకోవడానికే ఆమెకి ఒళ్లు జలదరించింది. కానీ ఇంట్లో వేరే మందు లేదు.

ఈసారి దేవకృప తేనెతో సహా కక్కేసి, "చేదమ్మా!" అని గుక్కపట్టి ఏడ్చింది. ముక్కు మూసి మళ్లీ మింగించాల్సి వచ్చింది.

"ఎంత ఎంగిలి చేసి తెచ్చారో," అని గొణిగింది ప్రేమమణి. ఆయన వరండాలోకి వెళ్లిపోయాడు.

నాలుగో రోజుకి వణుకు ఆగిపోయింది. ఇక ఆ కాకుల పని పడదామని ప్రేమమణి పట్టకారు తెచ్చింది. మంచం మీంచి దేవకృప, "అమ్మా, తాత మందొద్దు. ముందిచ్చిందే ఇయ్యి," అంది.

పట్టకారు గాల్లో ఆగింది.

ప్రేమమణి దాన్ని కింద పెట్టి, ఒక కాకిని చేత్తో తీసుకుంది. రెక్క మడతలో ఇంకా కాస్త పొడి ఇరుక్కుని ఉంది. వరండాలోకి తొంగి చూసింది. మామగారు గోడవైపు తిరిగి ఏదో మడుస్తున్నాడు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని, ఆయన ఎంగిలి చేసిన ఆ రెక్కకి నాలుక ఆనించింది.

కాసేపటికి కాకిని పట్టుకునే వరండాలోకి వెళ్లింది.

"తప్పు నాదే మామయ్యా, ఇది చేదుగా లేదు."