గుడ్లున్న నిమ్మమొక్క

కడియంలో సత్యప్రసాద్ నర్సరీకి ఒక వింత బేరం వచ్చింది.

పెద్దాయన. పేరు దక్షిణామూర్తి. ధవళేశ్వరం నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. భూతద్దం తీసి, నిమ్మమొక్కల ముందు గొంతుక్కూర్చుని, లేతాకుల్ని ఒక్కొక్కటే తిరగేశాడు.

"సీతాకోకచిలుక గుడ్లున్న మొక్క కావాలండి. గుడ్డు పగిలి పురుగు బయటికొస్తుంటే చూడ్డం నాకు సరదా."

సత్యప్రసాద్‌కు నవ్వాగలేదు. ఆ పురుగులు ఆకులు నమిలేస్తాయనే కదా తను వారం వారం మందు కొట్టించేది! మొన్న ఆ ఘాటుకే కూలీ రామతులసి కళ్ళు తిరిగి పడిపోయింది. "మందు మానేయండి బాబూ, గుడ్లు మేమే ఏరేస్తాం," అని తోటి కూలీ వీరవేణి బతిమాలింది. "మీరు ఏరేసరికి ఆకులకు ఈనెలే మిగుల్తాయి," అని కొట్టిపారేశాడు.

"గుడ్లుంటే రెట్టింపు ధర ఇస్తానండి. మందు వాసన తగిలితే మాత్రం నాకొద్దు," అన్నాడు దక్షిణామూర్తి.

పుర్రెకో బుద్ధి అనుకున్నాడు సత్యప్రసాద్. ఆ రోజు నుంచే నిమ్మమొక్కలకు మందు ఆగిపోయింది. కూలీలకు గుడ్లు వెతికే పని పడింది.

లేతాకు చివర గసగసాల గింజంత, లేత పసుపు రంగులో ఉంటుంది గుడ్డు. నల్లబడిందంటే పగలబోతోందన్నమాట. వీరవేణి కంటికి ఒక్కటీ తప్పేది కాదు. దక్షిణామూర్తి వారానికి రెండుసార్లు వచ్చి ఒక మొక్క ఎంచుకునేవాడు. మిగతా మొక్కల మీది గుడ్లు గోటితో గీకేసేవారు. ఆయన మొక్కకు దెబ్బ తగలకూడదని కాబోలు, చెయ్యి బారచాచి పట్టుకుని సైకిలు దాకా నడిచేవాడు.

ఓ ఆదివారం అక్కడే ఒక గుడ్డు పగిలింది. బయటికొచ్చిన పిల్లపురుగు ముందుగా తన పెంకునే తినేసింది. సత్యప్రసాద్ కూడా భూతద్దం అడిగి తీసుకుని మరీ చూశాడు. నిజం చెప్పొద్దూ, బాగానే ఉందనిపించింది. నిమ్మమొక్కలూ ఆ నెలంతా కళకళలాడాయి.

"ఈయన వస్తున్నన్నాళ్ళే సుమా. రావడం మానేస్తే మళ్ళీ మందే," అని మాత్రం కూలీలతో అన్నాడు.

ఆ సాయంత్రం కాలవ గట్టు మీద, మొక్కలు కొనడానికని కూలీలంతా తలా కాస్త వేసుకున్న డబ్బులు దక్షిణామూర్తి జేబులో పెడుతూ వీరవేణి, "పురుగంటే మీకు ఒళ్ళు జలదరిస్తుందని తెలుసు గానీ, మా కోసం ఇంకో నెల ఓర్చుకోండి మాస్టారూ," అంది.