కంచె అవతలివాడు

పొద్దు గుంకే వేళకు వాడు మళ్లీ వచ్చాడు.

ఊరి చుట్టూ సర్కారు తుమ్మ కంప కొట్టి వేసిన కంచె ఉంది. దానికి అవతల, చెయ్యి చాపితే అందేంత దూరంలో వాడు నిలబడ్డాడు. వాడికి ఎదురుగా చెలక పొలం నిండా చచ్చి లేచిన మనుషుల గుంపు.

"వచ్చిండురా అల్లుడు," అన్నాడు పరశురాం.

కంచె దగ్గర కావలి కాస్తున్నవాళ్లు నవ్వారు.

గుర్వమ్మ నవ్వలేదు. మనవరాలు అక్షితను కొంగు చాటుకు లాక్కుంది.

వాడి ఒళ్లంతా మట్టి, ఎండిన నెత్తురు. మొహం సగమే మిగిలింది. వాడూ ఆ గుంపులో ఒకడే, చచ్చి లేచినవాడే.

ఈ రోగం మొదలైన కొత్తలో, ఫోన్లు ఇంకా పనిచేస్తున్నప్పుడు, అక్షిత ఒక వీరుడి వీడియోలు చూసేది. నీలం బట్టల్లో ఎగిరి వచ్చేవాడు. దొర్లుతున్న బస్సును ఒంటిచేత్తో ఆపి పిల్లలను దింపేవాడు. దసరా నాడు చెట్లల్లో వెతుక్కునే పిట్ట పేరే జనం ఆయనకూ పెట్టుకున్నారు. పాలపిట్ట.

మూసీ వంతెన మీద జనాన్ని దాటిస్తూ ఆయన గుంపులో పడిపోయాడని ఆఖరి కబురు. ఆ వంతెన ఈ ఊరికి కోసెడు దూరం. అక్షిత తల్లి కూడా అక్కడే పోయింది. ఆ తరువాత ఫోన్లు మూగబోయాయి.

అక్షిత మాత్రం పాలపిట్ట కథ ఆపలేదు. రోజుకొకటి తనే అల్లుతుంది.

"అవ్వా, నిన్న పాలపిట్ట మన చెరువుకట్ట మీద కూసున్నడు. ఉఫ్ అని ఊదిండు. లేచినోళ్లంత కేతేపల్లి దాక కొట్టుకపోయిన్రు."

"మరి దిగి రాకపాయె? కల్లు తాగి పండుకున్నడా ఏంది?" అన్నాడు పరశురాం.

"నీ లెక్క కాదు పెద్దబాపూ ఆయన!"

మళ్లీ నవ్వులు. కానీ అందరి లోపలా ఆ పిల్ల ఆశే ఉంది. చుట్టుపక్కల ఊళ్లు ఒక్కొక్కటే తుడిచిపెట్టుకుపోయాయి. ఈ ఊరి కంపను మాత్రం గుంపు ఇంతవరకు ముట్టలేదు.

"గీ ముండ్లకు బయపడుతరా వాళ్లు? ఎవలో కాపాడుతాండు మనల్ని," అంటారు ఆడవాళ్లు. పొద్దున లేస్తూనే పైకి చూసి దండం పెట్టుకుంటారు.

కంచె అవతల వాడు రెండు చేతులూ పైకి లేపాడు. బారుగా చాపాడు.

"సూడుర్రి, సూడుర్రి. మన దిక్కు వీపు, వాళ్ల దిక్కు మొకం. చేతులు సాపి పిలుస్తాండు," అన్నాడు పరశురాం. "గుర్వమ్మా, నువ్వు చెప్పు. గీ మంద సంగతేంది?"

గుర్వమ్మ పావడా కట్టిన నాటినుంచి గొర్ల వెంట తిరిగిన మనిషి. మంద గురించి ఊళ్లో ఆమె మాటకు ఎదురులేదు.

"ముందట నడిచే మేకపోతు ఎటు పోతే మంద అటే పోతది," అంది. "అది కంప దూకితే అన్నీ దూకుతయి. గాడే మేకపోతు. వాన్ని పడగొడితే మంద చెదురుతది."

కొడుకు గిరి చేతిలో వడిసెల ఉంది. రాయి పెట్టలేదు.

"అమ్మా, వాడు ఇన్ని రోజులసంది మనల్ని ఏమనలే గద."

"ఏమన్న చేసినంక కొడ్తవా? ఇంట్ల పిల్ల లేదా నీకు?"

గిరి పిల్లవైపు చూశాడు. రాయి పెట్టి వడిసెల తిప్పాడు.

మొదటి రాయి భుజానికి తగిలింది. వాడు వెనక్కి తిరగలేదు. చేతులు దించలేదు.

రెండోది తలకు తగిలింది. వాడు మోకాళ్ల మీద కూలాడు. కూలినా చేతులు చాపే ఉంచాడు. కాసేపటికి పక్కకు ఒరిగిపోయాడు.

పరశురాం ఈల వేశాడు.

గుంపు ఆగింది. ఒకరి వెనుక ఒకరు తలలు ఎత్తారు. తరువాత అందరూ ఒక్కసారే కదిలారు. చెదరలేదు. నేరుగా కంచె మీదికే వచ్చారు.

"గిదేంది గుర్వమ్మా? పోతు పడ్డంక చెదరాలె గద?"

గుర్వమ్మ వాడు పడిన చోటునే చూస్తోంది. రాయి తగిలి మట్టి రాలిన భుజం మీద నీలం గుడ్డ కనబడింది.

పల్లిచేను గట్టున తాను ఎట్లా నిలబడేది? చేనుకు వీపు పెట్టి, మందకు మొహం పెట్టి, చేతులు బారుగా చాపి. గొర్రెలు చేన్లో పడకుండా అడ్డం నిలబడే తీరు అదొక్కటే. బతుకంతా తాను నిలబడిన తీరు. అయినా ఆమెకు మేకపోతు మాత్రమే కనబడింది. కాపరి కనబడలేదు.

కంప పటపటమని విరిగింది.

"మిద్దె ఎక్కుర్రి! జల్ది!" గిరి అరిచాడు.

గుర్వమ్మ పిల్లను చంకనేసుకుని పంచాయితీ మిద్దె ఎక్కింది. కింద అరుపులు. గిరి ఇంకా పైకి రాలేదు.

అక్షిత ఏడవడం లేదు. ఆకాశాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతుకుతోంది.

"అవ్వా, పాలపిట్ట ఇయ్యాల గూడ రాడా?"

గుర్వమ్మ పిల్ల తలను గుండెకు అదుముకుంది.

"దినాం వచ్చిండు బిడ్డా," అంది. "సచ్చినంక గూడ వచ్చిండు."