దుబాసీ సంతకం

ప్రిన్సిపాల్ గారు బొటనవేలు నాలుకకు తడుపుకుని ఫైలు తిరగేశారు. కాగితం మీద ఎంగిలి మెరిసింది. పక్కన నిలబడ్డ దుబాసీ చూపు తిప్పుకుంది.

ఆరు నెలలుగా "దుబాసీ!" అని కేకేస్తే ఆమె పైకి వస్తుంది. పేరేమిటని ఆయన ఒక్కనాడూ అడగలేదు.

"చెప్పమ్మా ఆవిడకి. ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే పిల్లల కార్యక్రమాన్ని పూర్తిగా మెరుగుపరిచాం. పరీక్ష తప్పినవాళ్లు ఇంకో ఏడాది ప్రత్యేక తరగతిలోనే ఉంటారు. వాళ్ల పిల్ల కూడా."

ఎదుటి కుర్చీలోని తల్లికి ఇంగ్లీషు ముక్క రాదు. దుబాసీ పొల్లుపోకుండా తమ భాషలో చెప్పింది.

ప్రత్యేక తరగతంటే మెట్ల కింది గది. చెమ్మ వాసన. సైన్సు లేదు, లెక్కలు లేవు. పదిహేనేళ్లవాళ్లు ఆపిల్ బొమ్మలకు రంగులేస్తుంటారు. ఇంకో ఏడు అక్కడే గడిస్తే పైచదువు కల్ల.

"మళ్లీ ఆ కొట్టుగదిలోనా!" తల్లి బల్ల చరిచింది. "మా పిల్ల ఇంగ్లీషు పుస్తకాలు గడగడా చదువుతుంది. పరీక్షెలా తప్పిందో అడుగు తల్లీ."

దుబాసీ అడిగింది.

"అసలు పరీక్షకే రాలేదు. పోయిన నెల పదో తారీఖు. కాబట్టి సున్నా. ఎక్కడ బలాదూరు తిరిగిందో!"

పదో తారీఖు దుబాసీకి బాగా గుర్తు. పొద్దుటి గంట నుంచి చివరి గంట దాకా ఈ గదిలోనే నిలబడి, తొమ్మిది మంది తల్లిదండ్రుల గోడు ఈయనకు వినిపించింది. గొంతు బొంగురుపోతే చల్లారిన టీ ఇప్పించారు.

"ఆ రోజు గేటు దాకా నేనే దిగబెట్టాను," అంది తల్లి. "తర్వాత ఎక్కడుందో తమరికే తెలియాలని చెప్పు."

దుబాసీ ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆయన నవ్వారు. "నాకెలా తెలుస్తుంది? మూడొందల మంది పిల్లలు!"

దుబాసీ నోరు తెరవబోయింది.

"ఊఁ! మొదటిరోజే చెప్పానా లేదా? నీ సొంత మాట ఒక్కటి కలిపినా రేపటి నుంచి రానక్కర్లేదు."

తను రాకపోతే ఆ తొమ్మిది మందికీ ఈ గదిలో నోరుండదు. మాట మింగేసింది, ఆయన ఎంగిలే మింగినట్టు.

"సంతకం పెట్టకపోతే పిల్లని బడి మాన్పించుకోవచ్చు," అంటూ ఆయన పత్రం ముందుకు తోశారు. దుబాసీ అదీ చెప్పింది. తల్లి సంతకం పెట్టింది.

'దుబాసీ' అని అచ్చయిన చోట దుబాసీ తన పేరు నిండుగా రాసింది; పరీక్షకు రాని పిల్ల ఫైలు అట్ట మీద ఉన్నదీ అదే పేరు.