మూగ ఫోను

బస్సులో పక్కసీటామె తన ఫోనులోకే తొంగి చూస్తోందని గిరీష్‌కు చిరాకేసింది.

నలభై ఏళ్లుంటాయేమో. నలిగిన నూలు చీర, ఒళ్లో సంచి.

గిరీష్‌ది తెలంగాణ సరిహద్దుకు అవతలి కిరందుల్. తండ్రి గనుల్లో పని చేస్తాడు, కొడుకు ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ రాస్తాడు. మంచి యాప్ కనబడితే చాలు, ఊరంతా చెప్పుకుని తిరిగే రకం.

ఈమధ్య అతన్ని పట్టుకున్న పిచ్చి పేరు 'తోవ'. వానాకాలంలో ఏ వాగు పొంగిందో, సంతకు ఏ దారి నయమో చెప్పే యాప్. దానికి నెట్‌వర్క్ అక్కర్లేదు. సంతలో మనుషులు కలిస్తే ఒకరి ఫోనులోని కబురు ఇంకొకరి ఫోనులోకి పోతుంది. ప్రకటనలుండవు. మన వివరాలేవీ అడగదు. చేసినవాళ్లు కనీసం తమ పేరైనా పెట్టుకోలేదు.

అందుకే ఆ మనిషంటే గిరీష్‌కు చచ్చేంత గౌరవం. ఆవపల్లి సంతకు వస్తుంటాడని ఎవరో చెప్పగానే బీజాపూర్‌లో బస్సెక్కేశాడు. కాళ్లావేళ్లా పడైనా సరే, ఆయన దగ్గర పనిలో చేరిపోవాలి.

"బాబూ, దాంతోని ఏమన్న ఇబ్బందున్నదా?" ఆమె మెల్లగా అడిగింది.

అంతే, చిరాకు ఎగిరిపోయింది. బస్సు కుదుపుల్లోనే ఆ యాప్ గొప్పతనమంతా ఆమెకు పాఠం చెప్పేశాడు. రంగులే కాస్త మోటుగా ఉన్నాయన్నాడు.

ఆమె శ్రద్ధగా విన్నది.

"మరి శబ్దం ఎందుకు బంద్ పెట్టినవ్?"

"నాకు చదవడం వచ్చు కదండీ."

ఆమె నవ్వి, కిటికీ వైపు తిరిగింది.

ఆవపల్లిలో గిరీష్ దిగాడు. బస్సు ఆమెతో తర్రెం వైపు, తెలంగాణ దారిన వెళ్లిపోయింది.

ల్యాప్‌టాప్ సంచీ తగిలించుకున్న పెద్దమనిషి కోసం సంతంతా గాలించాడు. చివరికి పుట్టగొడుగులు అమ్ముతున్న మాసే అనే ఆమెకు ఫోను చూపించి, ఇది చేసిన సార్ వచ్చాడా అని అడిగాడు.

"సారెవరయ్యా? చేసింది దీదీ. ఇయ్యాల తెలంగాణ దిక్కు పోతున్నది, అక్కడోళ్లకు గూడ ఇది చేసిపెట్టనీకి. తోడు పని చేసెటోళ్లు దొరుకుతరేమోనని మస్తు చూసింది. ఎవ్వరు దొరకలే, ఒక్కతే పోతున్నది."

ఆమె ఎలా ఉంటుందని గిరీష్ ఆత్రంగా అడిగాడు.

"గొంతు ఎరికలేదా? దాంట్ల మాట్లాడేది ఆమెనే గద."

ఆ ప్రాంతంలో అక్షరం రానివాళ్లందరికీ ఆ యాప్ అంటే ఆ గొంతే. దాన్ని అంతగా మెచ్చుకున్న గిరీష్ మాత్రం ఒక్కసారీ వినలేదు.

"నోరు నొక్కి పెట్టినవేందయ్యా," అంటూ మాసే అతని ఫోను అందుకుని శబ్దం పెంచింది.

ఫోను వాగు సంగతి చెప్పింది, దారి చెప్పింది, ఆఖరున బస్సులో పక్కసీట్లోంచి వినిపించిన గొంతుతోనే అడిగింది: "ఏమన్న ఇబ్బందున్నదా?"