ఫ్రిజ్జు మీద చందమామ

కరెంటు బిల్లు చూసి కండక్టరు గుడ్లు తేలేశాడు.

"ఇది ఇల్లా, ఫ్యాక్టరీయా?"

అతను ఉద్యోగం చేసేది బస్సులోనే అయినా ఇంట్లోనూ కండక్టరే. గదిలోంచి మనిషి దిగగానే లైటు ఆరాలి, ఫ్యాను ఆగాలి. అప్పుడుగానీ రైట్ చెప్పడు.

ఇంత చేసినా బిల్లు మాత్రం దిగిరాలేదు.

"ఇక మిగిలిన దొంగ ఇదొక్కటే," అంటూ వంటింట్లోని పాత ఆకుపచ్చ ఫ్రిజ్జు వైపు వేలు చూపించాడు.

సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదే అయినా ఆ ఫ్రిజ్జంటే అతని భార్యకి ఇష్టం. ముఖ్యంగా దాని పక్కవైపు ఎవరో అంటించిన బొమ్మలంటే. కింద చేప, దానిపైన బాతు, ఆపైన కుందేలు, ఏనుగు, అన్నిటికంటే పైన చందమామ. నిచ్చెన మెట్లలా ఉండేవి. వంట చేస్తూ వాటితో కబుర్లు కూడా చెప్పేది.

కండక్టరు ఫ్రిజ్జుని ఫోటో తీసి షాపుకి పంపాడు. పాతది తీసుకుని కొత్తదాని ధర తగ్గిస్తామన్నారు. శుభ్రంగా ఉంటే ఇంకాస్త తగ్గుతుందని ఎవరో చెవిన వేశారు.

అంతే. ఆ సాయంత్రమే పాత చాకు, కిరోసిన్ గుడ్డ పట్టుకుని బొమ్మల మీద పడ్డాడు.

"ఉండనివ్వండి. అవేం కరెంటు తాగాయి?" అంది భార్య.

"తీసేసేదానికి సింగారాలెందుకు?"

చందమామని గీకుతుంటే మాత్రం ఆమె చూడలేక అవతలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఎవరో తలుపు తట్టారు. ఎప్పుడూ చూడని పెద్దావిడ. నెరిసిన జుట్టు, భుజాన సంచీ, మెట్లెక్కిన ఆయాసం.

"పాత ఫ్రిజ్జు తీసేస్తున్నారటగా. షాపతను చెప్పాడు. నేను కొనుక్కుంటాను బాబూ."

"చూడకుండానేనా?"

"నువ్వెంతంటే అంత."

కండక్టరు మొహం వెలిగింది. వంటింట్లోకి దారితీశాడు.

ఫ్రిజ్జు కనబడగానే ఆవిడ గుమ్మంలో ఆగిపోయింది. తప్పిపోయిన మనిషి దొరికినట్టు నవ్వింది. గబగబా దాని పక్కకి వెళ్లింది.

ఆ నవ్వు అక్కడితో సరి.

"ఇక్కడ... బొమ్మలుండాలే?"

"ఎవరో పిల్లల పిచ్చి పనమ్మా. నిన్ననే గీకేశాను. చూడండి, అద్దంలా లేదూ?"

ఆవిడ వంగి ఆ పక్కనంతా వెతికి చూసింది.

"అవును బాబూ. బాగా తుడిచావు," అంది చివరికి.

ఉత్త రేకు మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా పైకి జరిపింది. ఫ్రిజ్జు నెత్తికి ఇంకా జానెడుందనగా ఆ చెయ్యి ఆగింది. అక్కడే ఉంచేసింది.

భార్య అది చూసింది. నిన్నటిదాకా చందమామ ఉన్నది అక్కడే.

"మంచినీళ్లు తాగుతారా అమ్మా?"

ఫ్రిజ్జు తీసి సీసా అందుకుంది. తలుపు మళ్లీ పడనని మొరాయించింది. ఆవిడ మోకాలితో కింద చిన్నగా తట్టింది. తలుపు బుద్ధిగా మూసుకుంది.

"దీనికిలా చెప్పాలి," అంది ఆవిడ. "తలుపు రబ్బరు అరిగిపోయిందమ్మాయ్. చల్లదనమంతా బయటికే పోతోంది, బిల్లు పెరగదూ మరి? రబ్బరు మార్పించి, గోడకి కాస్త ఎడంగా జరపండి. తుక్కులోకి మాత్రం పంపకండి."

"అదేంటమ్మా, మీరు తీసుకోరా?" కండక్టరు కంగారుపడ్డాడు.

"ఇంక నాకెందుకులే బాబూ."

"ధర తగ్గిస్తానమ్మా."

ఆవిడ నవ్వబోయి, నవ్వలేక, సంచీ సర్దుకుని మెట్లు దిగింది. వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్లింది.

"పనీపాటా లేని బేరం," అని విసుక్కున్నాడు కండక్టరు.

భార్య ఒక కాగితం ముక్క సందులో పెట్టి ఫ్రిజ్జు మూసింది. లాగితే ఇట్టే వచ్చేసింది. నిజమే, తలుపు పట్టు వదిలేసింది.

"ఆవిడకెలా తెలుసండీ? మోకాలితో తట్టాలని కూడా?"

కండక్టరు తనూ ఒకసారి తలుపు తీసి, మోకాలితో తట్టి చూశాడు.

మధ్యాహ్నం షాపతను కొత్త ఫ్రిజ్జుతో వ్యాను దిగాడు. పాతది ఇంకా అక్కడే ఉండటం చూసి తెల్లబోయాడు.

"ఆవిడ రాలేదా సార్?"

"వచ్చింది. చూసింది. వద్దని పోయింది."

"వద్దందా? దీనికోసం ఊళ్లో పాత ఫ్రిజ్జుల షాపులన్నీ గాలించింది సార్. మీరు పంపిన ఫోటో చూపిస్తే నా చేతులు పట్టుకుని ఏడ్చేసింది. ఎప్పుడూ దీని ముందే కూర్చుంటోందని, ఆవిడ ఇంట్లో లేనప్పుడు వాళ్లాయన అమ్మేశాడట."

అంతలో అతని చూపు ఫ్రిజ్జు పక్కకి పోయింది.

"బొమ్మలేవి సార్?"

కండక్టరు గోళ్లలో ఇంకా ఆ జిగురుంది. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

భార్య చెత్తబుట్ట దగ్గరికి పరుగెత్తింది. ఆవిడ ఉన్నంతసేపూ బొమ్మలు అందులోనే ఉన్నాయి. ఆవిడ వెళ్లాకే చెత్తబండి వచ్చి తీసుకుపోయింది.

"ఆవిడ ఎక్కడుంటారు?"

"తెలీదమ్మా. తనే వచ్చి అడిగి వెళ్లేది."

"ఆ బొమ్మలేమిటి అసలు?" వినడానికి భయపడుతూనే అడిగింది.

షాపతను తల వంచుకున్నాడు.

"ప్రతి పుట్టినరోజుకీ కూతుర్ని దీని పక్కన నిలబెట్టి, తల ఎంతెత్తుకొస్తే అక్కడ ఒక బొమ్మ అంటించేదట. చందమామ తర్వాత ఇంకో బొమ్మ అంటించే భాగ్యం ఆ తల్లికి లేకపోయిందమ్మా."